కొత్త టోనర్ కొనే ముందు: ప్రింటర్ ఖర్చు అదుపులో పెట్టుకోవడం ఎలా

ఒడిశాలోని రాయగడలో జిరాక్స్ దుకాణం పెట్టుకున్నవాళ్లకు రోజుకు ఒక్కసారైనా వినపడే మాట ‘కాళి సరిగలా’. ఒడియాలో కాళి అంటే సిరా. సిరా అయిపోయింది అని అర్థం. పార్వతీపురం నుంచి వచ్చిన మా బావమరిది మొదటిసారి ఈ మాట విని కంగారుపడి, ‘అమ్మవారికి ఏమైంది బావా?’ అని అడిగాడు. అమ్మవారికి ఏమీ కాలేదు. నిజానికి చాలాసార్లు సిరాకు కూడా ఏమీ కాదు. లేజర్ ప్రింటర్‌లో సిరాకు బదులు వాడే టోనర్ అనే పొడి డబ్బాలోనే ఉంటుంది, ఇంకు ట్యాంకులోనే ఉంటుంది, కాగితం మీదకు రాకుండా మరేదో అడ్డుపడుతుంది. ఒక్కోసారి నిజంగానే అయిపోతుంది. కానీ అది మీరు అచ్చు వేసిన అక్షరాలకు ఖర్చయి ఉండదు.

ఈ రెండింటిలో మీది ఏదో తేల్చుకోకుండా డబ్బు తీయకండి. తేల్చుకునే పద్ధతి, కొనే పద్ధతి, వాడే పద్ధతి నేను చేసిన తప్పులతో సహా చెబుతాను.

ముందు గీతలు గీయండి

ప్రతి కార్ట్రిడ్జ్‌కూ, అంటే టోనర్ డబ్బాకూ, కంపెనీ ఒక పేజీల లెక్క చెబుతుంది. మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే హెచ్‌పీ 12ఏకి అది 2,000 పేజీలు, 88ఏకి 1,500. నలుపు లేజర్ కార్ట్రిడ్జ్‌లకు ఈ లెక్కను ఐఎస్ఓ 19752 అనే ప్రమాణం ప్రకారం ఒకే నమూనా పేజీని పదే పదే అచ్చు వేసి తేలుస్తారు. పేజీలో ఇంచుమించు నూటికి ఐదు వంతులే నలుపు ఉంటుందని వ్యాపారంలో అందరూ లెక్క వేసుకుంటారు. అంటే ఒక మామూలు ఉత్తరమంత. ఫొటోలు, ముద్రలు, బూడిద రంగు అడుగు ఉన్న గుర్తింపు కార్డులకు ఆ లెక్క వర్తించదు.

రీములో 500 కాగితాలు ఉంటాయి. కాబట్టి 12ఏ కార్ట్రిడ్జ్‌కు నాలుగు రీములు. ప్రింటర్ పక్కన ఒక చీటీ అంటించండి. కార్ట్రిడ్జ్ వేసిన తేదీ రాయండి. రీము విప్పిన ప్రతిసారీ ఒక గీత గీయండి. కార్ట్రిడ్జ్ అయిపోయిన రోజున గీతలు లెక్కపెట్టండి. నేనైతే ఒక గీత తక్కువైతే సర్దుకుంటాను, రెండు తక్కువైతే కారణం వెతుకుతాను. ఈ చీటీ లేకుండా ‘పాత టోనర్ చాలా రోజులు వచ్చేది’ అనుకోవడం వట్టి జ్ఞాపకం. దానితో ఏ వ్యాపారితోనూ వాదించలేరు.

చీటీ ఉన్నా తప్పుగా వాదించవచ్చని కూడా నేర్చుకున్నాను. 2024 సెప్టెంబరులో ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం మొదలుపెట్టింది. అర్హులైన మహిళలకు ఏడాదికి 10,000 రూపాయలు. వానలో తడుస్తూ, ఆధార్ కార్డులు పాలిథిన్ సంచుల్లో చుట్టుకొని దుకాణం ముందు వరుస కట్టారు. మొదటి వారంలోనే టోనర్ ఖాళీ. చీటీ మీద చూస్తే రెండే గీతలు. పౌడర్ అమ్మినవాడు తక్కువ తూకం ఇచ్చాడని ఫోనులో గట్టిగానే అరిచాను. సాయంత్రం చెత్తబుట్ట ఒంపితే అసలు సంగతి బయటపడింది. ప్రతి కాగితం మధ్యలో ఆధార్ కార్డు కిటికీలా తెల్లగా ఉంది, చుట్టూ అంచుల దాకా కాటుక పూసినట్టు నలుపు. పనిలో సాయానికి వచ్చిన కుర్రాడు తొందరలో స్కానర్ మూత దించకుండానే కాపీ నొక్కుతున్నాడు. ‘మూత దించితే ఆలస్యమవుతోంది మావయ్యా’ అన్నాడు.

మూత లోపలివైపు తెల్లగా ఉండేది అందుకే. మూత తెరిచి ఉంటే అద్దం మీద కార్డు లేని చోట వెలుగు తిరిగి రాదు, యంత్రం దాన్ని నలుపు అనుకుంటుంది. ఐదు వంతుల నలుపుతో ఒక పేజీ అనుకుంటే, నిండా నల్లగా వచ్చిన కాగితం ఒక్కటే ఇరవై మామూలు పేజీల టోనర్ తినేస్తుంది. పౌడర్ వ్యాపారికి మర్నాడు ఫోను చేసి క్షమించమని అడిగాను.

అందుచేత కార్డులు కాపీ చేసేటప్పుడు మూత దించండి. మూత లోపలి తెల్ల భాగాన్ని వారానికి ఒకసారి తడి గుడ్డతో తుడవండి. అది మాసితే ప్రతి కాపీ అడుగునా లేత బూడిద రంగు పడుతుంది, అదీ టోనరే. కాపీ ముదురును ఒక మెట్టు తగ్గించి చూడండి. కార్డు మీద అంకెలు, ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆ మెట్టే చాలు. కార్డు రెండు వైపులనూ ఒకే కాగితం మీద వేసే బటన్ మీ యంత్రానికి ఉంటే వాడండి. ఇంటి ప్రింటర్లలో టోనర్ పొదుపు సెట్టింగును ఎప్పుడూ వేసి ఉంచి, సర్టిఫికెట్లకు మాత్రం తీసేయండి.

కొనడానికి వెళ్లేటప్పుడు

మాకు పెద్ద సరుకు కావాలంటే రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరం వెళ్లడమో, ఇంకా ముందుకు విశాఖ వెళ్లడమో అలవాటు. తప్పు డబ్బా తెస్తే మార్చుకోవడానికి మరో రోజు పోతుంది. కాబట్టి ప్రింటర్ పేరు చెప్పి అడగకండి. పాత కార్ట్రిడ్జ్ మీద చీటీని, ప్రింటర్ వెనుక ఉన్న నంబరును ఫోనులో ఫొటో తీసుకొని వెళ్లండి. బిల్లు మీద ‘టోనర్ 1’ అని కాకుండా కార్ట్రిడ్జ్ నంబరు రాయించుకోండి.

కొన్ని నంబర్లు తెలిసి ఉంటే మోసపోరు. హెచ్‌పీ 1020లో వేసే 12ఏ, కెనాన్ ఎల్‌బీపీ 2900లో వేసే 303 ఒకే మూసవి. అందుకే కంపాటిబుల్ డబ్బాల మీద, అంటే వేరే కంపెనీలు అదే మూసలో చేసేవాటి మీద, రెండు నంబర్లూ కలిపి ఉంటాయి. హెచ్‌పీ పీ1007, పీ1008, పీ1106, పీ1108, ఎం1136లకు 88ఏ. బ్రదర్ యంత్రాల దగ్గర జాగ్రత్త. అక్కడ టోనర్ వేరు, ఆ పొడిని కాగితం మీదకు చేర్చే గొట్టం లాంటి డ్రమ్ వేరు. టీఎన్-2365 అంటే టోనర్, 2,600 పేజీలు. డీఆర్-2365 అంటే డ్రమ్, సుమారు 12,000 పేజీలు. టోనర్ మారిస్తే సరిపోయే చోట డ్రమ్‌తో సహా కొనిపించేవాళ్లున్నారు. దానికి విరుద్ధంగా, డ్రమ్ అరిగి చారలు పడుతుంటే టోనర్ మీద టోనర్ మార్చేవాళ్లూ ఉన్నారు. హెచ్‌పీ 110ఏ వంటి కొత్త వాటికి చిప్ ఉంటుంది. ‘చిప్‌తో సహా’ అని అడిగి తీసుకోండి. హెచ్‌పీ కొన్ని ప్రింటర్లలో డైనమిక్ సెక్యూరిటీ అనే ఏర్పాటు పెట్టింది. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ తాజా అయినప్పుడు వేరే కంపెనీ చిప్‌లను అది ఆపేయవచ్చు. బాగా నడుస్తున్న ప్రింటర్‌కు తోచినప్పుడల్లా అప్‌డేట్ ఇవ్వకండి.

అసలుదని చెప్పి అమ్మే పెట్టెలో నింపిన పాత కార్ట్రిడ్జ్ రావడం నాకూ జరిగింది. అప్పటి నుంచి కౌంటరు దగ్గరే విప్పిస్తాను. కొత్తదైతే లాగి తీసే ప్లాస్టిక్ పట్టీ చెక్కుచెదరకుండా ఉండాలి. రక్షణ మూత ఒక్క క్షణం జరిపి డ్రమ్ చూడండి. కొత్త డ్రమ్ అద్దంలా మెరుస్తుంది, వాడినదానికి రెండు చివర్లలో ఉంగరంలా అరిగిన గీత కనిపిస్తుంది. వేలితో ముట్టకండి, ఎక్కువసేపు వెలుతురులో పెట్టకండి, ఆ పూత వెలుతురుకు పాడవుతుంది. ఇక తెల్ల కాగితం మీద కార్ట్రిడ్జ్‌ను మెల్లగా తట్టండి. పొడి రాలితే తీసుకోకండి.

అసలుదా, కంపాటిబులా, పాతదాంట్లోనే పొడి నింపించే రీఫిలా? నా అభిప్రాయం చెబుతాను. నెలకు వంద పేజీలు కూడా వేయని ఇంటికి అసలుదే మేలు, ఏడాదిలో ఒకసారి కొంటారు, తలనొప్పి ఉండదు. దుకాణానికి మంచి కంపాటిబుల్, దానికి రీఫిల్. లెక్క ఇలా వేయండి: కంపాటిబుల్ 500 రూపాయలకు వచ్చి 1,800 పేజీలు ఇచ్చిందనుకోండి, పేజీకి 28 పైసలు. 200 రూపాయల రీఫిల్ 1,500 పేజీలు ఇస్తే 13 పైసలు. కానీ ఆ రీఫిల్ వల్ల పేజీలు మురికిగా వచ్చి రెండు వందల కాగితాలు చెత్తలో పడితే, పొదుపు మాట మరిచిపోవచ్చు. ధరలు మీ ఊరివి వేసుకోండి, లెక్క మాత్రం చీటీ మీది గీతలతోనే చేయండి.

రీఫిల్ చేసేవాడు ఏం చేస్తున్నాడో ఎదురుగా నిలబడి చూడండి. కొందరు సోల్డరింగ్ ఇనుముతో డబ్బా పక్కన చిల్లు కాల్చి, పొడి పోసి, టేపు అంటించి ఇచ్చేస్తారు. ఐదు నిమిషాల పని. అలాంటి రీఫిల్‌లో వాడేసిన పొడి చేరే గది ఖాళీ కాదు. అది నిండిపోయి పొంగితే పేజీల మీద మచ్చలు, యంత్రం నిండా మసి. మంచి పనివాడు కార్ట్రిడ్జ్‌ను రెండు భాగాలుగా విప్పి, ముందు వేస్ట్ పౌడర్ పారబోసి, డ్రమ్‌నూ, దాని మీద మిగిలిన పొడిని గీకే బ్లేడ్‌నూ చూసి, ఆ తర్వాతే కొత్త పొడి పోస్తాడు. నా దగ్గర ఒక డ్రమ్ రెండు మూడు రీఫిల్‌లకు వస్తుంది. ఆ తర్వాత డ్రమ్, బ్లేడ్ కలిపి మార్పిస్తాను.

లేజర్ మొరాయిస్తే

కొత్త కార్ట్రిడ్జ్ వేశాక తెల్ల కాగితాలే వస్తుంటే పక్కనున్న పట్టీ లాగడం మరిచారేమో చూడండి. నవ్వకండి, ఈ కారణంతో మా ఊళ్లోకి బయటి నుంచి మెకానిక్ వచ్చి చార్జీ తీసుకొని వెళ్లిన రోజులున్నాయి.

అక్షరాలు మధ్యలో పలచబడితే కార్ట్రిడ్జ్ తీసి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకొని, జల్లెడ పట్టినట్టు కుడి ఎడమలకు ఐదారుసార్లు ఊపండి. ఒక మూలకు చేరిన పొడి సర్దుకుంటుంది. ఆ రోజుకు పని గడుస్తుంది, కానీ కొత్తది తెచ్చుకోమని అది చెబుతున్న మాట కూడా అదే.

పేజీ నిలువునా ఒకే చోట మచ్చ మళ్లీ మళ్లీ పడుతుంటే స్కేలు తీయండి. ఒక మచ్చ నుంచి తర్వాతి మచ్చకు దూరం కొలవండి. 12ఏ కార్ట్రిడ్జ్‌లో డ్రమ్ చుట్టుకొలత దాదాపు 75 మిల్లీమీటర్లు. స్కేలు మీద అదే వస్తే డ్రమ్ మీద గీత పడిందన్నమాట, పొడి నింపితే పోదు. దూరం అంతకన్నా బాగా తక్కువగా వస్తే చిన్న రోలర్లలో ఏదో మురికి పట్టింది. స్కేలు ఒక్కటి ఉంటే ‘మొత్తం మార్చాలి’ అనే మాటకు ఎదురు ప్రశ్న వేయగలరు.

వేలితో రుద్దితే అక్షరాలు చెరిగిపోతున్నాయా? అది టోనర్ తప్పు కాకపోవచ్చు. పొడిని కాగితానికి కరిగించి అతికించేది ఫ్యూజర్. అది సరిగ్గా వేడెక్కకపోయినా, కాగితం చెమ్మగా ఉన్నా అక్షరం అతకదు. తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. అచ్చు మొదలై కాగితం సగం లోపలికి వెళ్లగానే ముందు తలుపు తెరవండి, యంత్రం ఆగిపోతుంది. కార్ట్రిడ్జ్‌నూ కాగితాన్నీ జాగ్రత్తగా తీయండి. ఫ్యూజర్ దాకా వెళ్లని భాగంలో అక్షరాలు శుభ్రంగా ఉంటే కార్ట్రిడ్జ్ నిర్దోషి. ఫ్యూజర్‌లోని సన్నటి గొట్టం లాంటి ఫిల్మ్‌ను మెకానిక్‌లు టెఫ్లాన్ అంటారు. అది చిరిగితే కాగితం ఇరుక్కుంటుంది, నల్ల గీతలు పడతాయి. దాన్ని మీరు విప్పకండి. ఫ్యూజర్ చేతులు కాలేంత వేడిగా ఉంటుంది.

బ్రదర్ యంత్రంలో నిలువుగా నల్లటి పట్టీ పడితే, డ్రమ్ మీద ఉన్న చిన్న మీటను కుడి ఎడమలకు కొన్నిసార్లు జరపండి, లోపలి తీగ శుభ్రపడుతుంది. తర్వాత ఆ మీటను బాణం గుర్తు దగ్గరకు తప్పకుండా తీసుకురండి. మధ్యలో వదిలేస్తే పట్టీ మరింత ముదురుగా వస్తుంది.

పొడి బట్టల మీద పడితే దులపండి, చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు తగిలితే అతుక్కుపోతుంది.

ఇంకు ట్యాంకు ప్రింటర్లు

ఇంటికీ చిన్న పనులకూ ఇవి చౌక. చిన్న ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌ల ప్రింటర్ తక్కువ ధరకు వస్తుందని మురిసిపోకండి. వాటిలో మామూలు నల్లవి 200 పేజీలు కూడా ఇవ్వనివే ఎక్కువ. ఎప్సన్ 003 నల్ల సీసా 65 మిల్లీలీటర్లు ఉంటుంది, కంపెనీ లెక్కలో 4,500 పేజీలు. కెనాన్ జీఐ-790 నల్ల సీసా 135 మిల్లీలీటర్లు, 6,000 పేజీలు. తేడా మీకే తెలుస్తుంది.

చౌకకు ఒక షరతు ఉంది: ప్రింటర్ ఎండకూడదు. వారానికి ఒకసారైనా అన్ని రంగులూ ఉన్న ఒక పేజీ వేయండి. ఆపేటప్పుడు ప్రింటర్ బటన్‌తోనే ఆపండి, గోడ స్విచ్‌తో కాదు. బటన్ నొక్కితే ఇంకు చిమ్మే హెడ్ తన మూత కిందకు వెళ్లి కూర్చుంటుంది. గోడ స్విచ్ ఆపేస్తే ఉన్నచోటే ఆగి, గాలికి ఇంకు గట్టిపడుతుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు జరిగేదీ ఇదే. కరెంటు రాగానే ఒకసారి ప్రింటర్ వేసి, బటన్‌తో ఆపండి. ఇంకు ప్రింటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. లేజర్‌ను మాత్రం దానికి తగిలించకండి, ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు యూపీఎస్ తట్టుకోదు.

రంగు తెగితే ముందు నాజిల్ చెక్ పేజీ (హెడ్‌లోని సన్నటి రంధ్రాల పరీక్ష) తీయండి, గీతల్లో ఎక్కడ ఖాళీలు ఉన్నాయో తెలుస్తుంది. తర్వాత హెడ్ క్లీనింగ్, మళ్లీ నాజిల్ చెక్. ఇలా మూడుసార్లకు మించి చేయకండి. శుభ్రం చేయడానికి పోయేదీ ఇంకే, అది లోపలి స్పాంజిలోకి చేరుతుంది. మూడుసార్లకూ రాకపోతే 12 గంటలు ప్రింటర్‌ను ముట్టకుండా వదిలేయండి. గట్టిపడినది నానుతుంది. పొద్దున్నే చూస్తే చాలాసార్లు దానంతట అదే వస్తుంది. ఓపిక లేనివాళ్లు రాత్రంతా క్లీనింగ్ కొట్టి సగం సీసా పారబోయడం చూశాను. ఆ స్పాంజి నిండితే ప్రింటర్ ఒక రోజు పని ఆపేసి దీపాలు మిణుకుమనిపిస్తుంది. అప్పుడు స్పాంజి మార్చాలి. స్పాంజి ఎంత నిండిందో ప్రింటర్ వేసుకునే లెక్కను సాఫ్ట్‌వేర్‌తో సున్నా చేసి ఊరుకుంటే ఇంకు బల్ల మీదకు కారుతుంది.

ట్యాంకులో కింది గీత కన్నా తగ్గనివ్వకండి. హెచ్‌పీ, కెనాన్ హెడ్‌లు ఇంకును వేడిచేసి చిమ్ముతాయి. ఇంకు అందకుండా వేడెక్కితే హెడ్డే కాలిపోతుంది. పొరపాటున ఒక రంగు ట్యాంకులో మరో రంగు పోశారనుకోండి, ప్రింటర్ వేయకుండా సిరంజితో లాగేయండి.

సర్టిఫికెట్ పనికి ఇంకు ప్రింటర్ వాడేవాళ్లు ఈ పరీక్ష చేయండి. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్ నుంచి తీసిన పట్టా కాగితం మీద, అచ్చు వేసిన అరగంట తర్వాత, నల్ల అక్షరాల మీద ఒక్క నీటి చుక్క వేసి చూపుడు వేలితో పక్కకు లాగండి. అక్షరం నిలబడితే పిగ్మెంట్ ఇంకు. తోకచుక్కలా నీలి నలుపు సాగితే డై ఇంకు. అలాంటి కాగితం పట్టుకొని జూలైలో తహసీల్ కార్యాలయానికి బయలుదేరిన మనిషి అక్కడికి చేరేసరికి ఖాతా నంబరు ఉండదు. పట్టాలు, కుల ధ్రువపత్రాలు లేజర్ మీదే వేసి ఇవ్వండి.

వానాకాలం కాగితం

మా పక్కనే జేకేపూర్‌లో కాగితం మిల్లు ఉంది, కాబట్టి మంచి కాగితానికి మాకు కొరత లేదు. దాన్ని చెమ్మకు వదిలేసి పాడుచేసుకోవడమే మా గొప్ప. జూన్ నుంచి సెప్టెంబరు దాకా విప్పిన రీమును రాత్రి ట్రేలో ఉంచకండి. పొట్లంలోనే మడిచి, మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. నేల మీద కాదు, చెక్క మీద. రెండేసి కాగితాలు కలిసి లాగుతున్నా, బయటికి వచ్చేటప్పుడు చుట్టుకుంటున్నా, ప్రింటర్‌ను తిట్టే ముందు కొత్త రీము విప్పి పది కాగితాలు వేసి చూడండి.

వాడేసిన పొడిని, పాత కార్ట్రిడ్జ్‌లను కాల్చకండి. అంత సన్నటి పొడి మంట దగ్గర భగ్గుమంటుంది. పొడిని మెల్లగా కవరులోకి ఒంపి మూతి ముడివేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఖాళీ కార్ట్రిడ్జ్‌లను మాత్రం పారేయకండి. చిల్లులు పడని 12ఏ, 88ఏ ఖాళీలను రీఫిల్ వ్యాపారులు కొంటారు. నేను పది చేరేదాకా పెట్టెలో దాచి, విజయనగరం వెళ్లే రోజున తీసుకెళ్తాను. రైలు టికెట్ డబ్బులు అక్కడే వస్తాయి.